పుట్టింటికి దూరంగా పురుడు

భిలాయి ఉక్కు కర్మాగారానికి భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న. మొదటి ఊదుకొలిమిని నాటి రాష్ట్రపతి డా. రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. ఆనాడు ఈ ప్రాంతం మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఉన్నది. కర్మాగారం చుట్టూ ఏర్పడిన నగరంలో దేశంలోని అన్ని ప్రాంతాలవారూ నివసిస్తున్నారు. దీనిని లఘు భారతమని పిలవడం పరిపాటి. తెలుగువారు, ముఖ్యంగా ఉత్తరాంధ్రవారు, విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం వెంట ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఉక్కుకు అనుబంధంగా లోహపు పనులు చేసే చిన్న, మధ్యతరహా కర్మాగారాలు కూడా భిలాయి పరిసరాలలో వెలిశాయి. అట్టి పారిశ్రామిక వాడలలో హథ్‌ఖోజ్ ఒకటి.

ఇట్టి చోట ఒక యువజంటకు తొలిబిడ్డ పుట్టడం చూడటానికి సామాన్య విషయమే. కాని దానిలో ఒక పెద్ద మార్పు ఇమిడి ఉన్నది. తెలుగునాట తొలికాన్పు పుట్టింట జరగాలన్నది అనాదిగా వస్తున్న ఆచారం. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్ళడం, పురుడు పోసి, బారసాల చేసి, బిడ్డకు మూడవ నెల గాని ఐదవ నెల గాని వచ్చిన తరువాత అత్తవారింటికి పంపడం ఒక చక్కని ఏర్పాటు. ఈ ఏర్పాటును కేవలం ముద్దుముచ్చటగా భావించడం సరికాదు. తల్లి కావడమంటే ఏమిటో తెలియని పిల్ల, ఆ పని పదిసార్లు చూసిన పెద్దల కనుసన్నలలో దానిని నేర్చుకొనే పాఠశాల అది. భిలాయికి వచ్చిన మొదటి తరం తెలుగు స్త్రీలలో అనేకులు కాన్పుకు రైలెక్కి స్వగ్రామం వెళ్ళేవారు. వారి కుమార్తెలకు, మనుమరాళ్ళకు పుట్టిల్లు కూడా భిలాయే అయింది. కొత్తగా వలస వచ్చిన జంటల విషయం వేరు. నెలలు నిండిన స్త్రీకి దూరప్రయాణం శ్రేయస్కరం కాదని వైద్యులు వారిస్తారు. భర్తకు సెలవు దొరకదు. పరీక్షల కాగితాలన్నీ ఇక్కడి ఆసుపత్రిలోనే ఉంటాయి. కనుక పురుడు ఇక్కడే.

ఈ మార్పు భిలాయికి మాత్రమే పరిమితమైనది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 2005–06లో మనదేశంలో ఆసుపత్రులలో జరిగిన కాన్పులు 38.7 శాతం, 2019–21 నాటికి అవి 88.6 శాతానికి పెరిగాయి. ఛత్తీస్‌గఢ్‌లో 2015–16లో 70.2 శాతంగా ఉన్న సంఖ్య అదే 2019–21 నాటికి 85.7 శాతమైంది. 2005లో ప్రారంభమైన జననీ సురక్షా యోజన, 2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ఇందుకు ఎంతో తోడ్పడినాయి. ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, మందులు, పరీక్షలు, తల్లికి భోజనం, ఇంటికి చేర్చే వాహనం ఉచితం. అస్వస్థతగల శిశువు చికిత్స కూడా ఉచితమే. అయినప్పటికీ అదే 2019–21 సర్వేలో, సజీవంగా జన్మించిన ప్రతి వేయిమంది శిశువులలో మొదటి ఇరవై ఎనిమిది రోజులలోపుగా మరణించినవారు దేశం మొత్తంమీద 24.9, ఛత్తీస్‌గఢ్‌లో 32.4 అని తేలింది. అంటే ఆసుపత్రి గడప దాటినంత మాత్రాన గండం గడవదు. గడప లోపల జరిగే సంరక్షణలో తల్లిదండ్రుల వంతు ఎంత, దానిని వారికి ఎవరు నేర్పుతారు అన్నదే అసలు ప్రశ్న.

మొదటి గంట నుండి చూద్దాము. బిడ్డ ఏడ్చిన వెంటనే తుడిచి, తల్లి రొమ్ముపై ఆనించి, ఇద్దరినీ కలిపి కప్పి ఉంచుతారు. శిశువు గర్భంలోని వెచ్చదనం నుండి ఒక్కసారిగా బయటి గాలిలోకి వస్తాడు. చిన్న దేహానికి వేడిని నిలుపుకొనే శక్తి తక్కువ. తల్లి చర్మం ఆ వేడిని అందిస్తుంది. ఒక గంట లోపల రొమ్ము పట్టించాలి. మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కని పసుపువన్నె పాలను, అనగా ముర్రుపాలను, పిండి పారవేసే దురాచారం తెలుగునాటనే గాక ఉత్తరభారతంలోనూ ఉండేది. కొన్నిచోట్ల ఇంకా ఉన్నది. రోగనిరోధక పదార్థాలు మెండుగా ఉన్న ఆ పాలు బిడ్డకు తొలి టీకా వంటివి. ఇది కాక రక్తస్రావాన్ని నివారించే కె విటమిన్ సూదిమందు, క్షయ, పోలియో, హెపటైటిస్-బి టీకాల మొదటి మోతాదులు ఆసుపత్రిలోనే ఇస్తారు. స్నానం మాత్రం ఒక రోజు గడిచేవరకు చేయించరాదు. బిడ్డ ఒంటిమీది తెల్లని జిడ్డు మురికి కాదు, రక్షణకవచం. కొత్తగా వచ్చిన అమ్మమ్మలకు ఈ ఒక్క విషయంలో నర్సులతో వాగ్వాదం తప్పదు.

రెండవ రోజు నుండి తల్లిదండ్రుల బెంగ ఆరంభమవుతుంది. పాలు పడలేదని తల్లి ఏడుస్తుంది. నిజానికి మొదటిరోజు శిశువు ఒక్కొక్కసారి త్రాగేది ఒకటి రెండు చెంచాలకు మించదు; అంతకు తగినన్ని ముర్రుపాలు తల్లివద్ద ఉంటాయి. పాలు సమృద్ధిగా పడేది మూడు, నాలుగు రోజులకు. ఈలోగా బిడ్డ బరువు తగ్గుతుంది. పుట్టినప్పటి బరువులో పదవ వంతు దాటకుండా తగ్గడం సహజమే. రెండు వారాలలోగా ఆ బరువు తిరిగి వస్తుంది. తూనిక కాగితం చూసి గాభరాపడి డబ్బాపాలు తెచ్చే తండ్రులు ఈ సంగతి ముందే తెలిసి ఉంటే తేవడం మానుకొందురు. బిడ్డకు పాలు చాలుతున్నాయా లేదా అని తెలుసుకొనడానికి తూనిక కంటె సులభమైన గుర్తు తడిసిన గుడ్డలే. అయిదవ రోజు తరువాత రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోసే బిడ్డకు పాలు చాలుతున్నట్లే.

తుమ్ములు, వెక్కిళ్ళు, నిద్రలో ఉలికిపాటు, నడుముపై నీలి మచ్చలు, ఆడా మగా తేడా లేకుండా కొందరు శిశువులకు రొమ్ములు కొంచెం ఉబ్బడం, ఆడశిశువుకు ఒకటి రెండు రక్తపు చుక్కలు కనిపించడం — ఇవన్నీ వ్యాధులు కావు. చివరి రెండూ తల్లి హార్మోనుల ప్రభావం వల్ల కలుగుతాయి; వాటంతట అవే పోతాయి. ఉబ్బిన రొమ్ములను పిండడం మాత్రం చాలా ప్రమాదకరం. అది చీముగడ్డకు దారితీస్తుంది.

కామెర్ల విషయం కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. గర్భంలో ఉన్నప్పుడు శిశువుకు ఎర్ర రక్తకణాలు అధికంగా ఉంటాయి. పుట్టిన తరువాత అవి విచ్ఛిన్నమైనప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వెలువడుతుంది. దానిని బయటకు పంపవలసిన కాలేయం ఇంకా పూర్తిగా పరిపక్వం కానందున రెండవ, మూడవ రోజుకు కళ్ళు, ముఖం పచ్చబడతాయి. నెలలు నిండి పుట్టినవారిలో సగానికి పైగా శిశువులకు, నెలలు నిండనివారిలో అంతకంటె ఎక్కువమందికి ఈ పచ్చదనం కనిపిస్తుంది. చాలామందికి రెండు వారాలలో తగ్గిపోతుంది. కాని మొదటి ఇరవై నాలుగు గంటలలోనే కనిపించినా, అరచేతులకు, అరికాళ్ళకు పాకినా అది మెదడుకు హాని చేయగలదు. అప్పుడు బిడ్డను నీలికాంతి క్రింద ఉంచుతారు. ఈ చికిత్స పుట్టుక విచిత్రమైనది. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు శిశువులను ఆరుబయట ఎండలో ఉంచేవారు. ఒక బిడ్డ దేహంలో గుడ్డ కప్పిన భాగం మాత్రమే పచ్చగా ఉండి, తక్కిన చోట్ల పచ్చదనం తగ్గినట్లు ఆమె గుర్తించారు. 1958లో అక్కడి వైద్యులు దీపకాంతితో చేసిన చికిత్సను శాస్త్రపత్రికలో ప్రకటించారు. కాంతి తగిలినప్పుడు బిలిరుబిన్ రూపం మారి మలమూత్రాల ద్వారా సులభంగా వెలుపలకు పోతుంది. కళ్ళకు గంతలతో నీలికాంతిలో పడుకొన్న బిడ్డను చూసి తల్లి తల్లడిల్లడం సహజం. ఆ దీపం బిడ్డను కాల్చదు; గంతలు కళ్ళకు రక్షణ మాత్రమే. ఈ సంగతిని ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పడం కూడా చికిత్సలో భాగమే.

ఇక్కడ భాషా సమస్య ఎదురవుతుంది. శ్రీకాకుళం జిల్లా పల్లె నుండి పెళ్ళయిన ఏడాదికే హథ్‌ఖోజ్‌కు వచ్చిన యువతికి హిందీ అంతంతమాత్రం. నర్సు మలయాళీ కావచ్చు, బెంగాలీ కావచ్చు. ఆమె మాట్లాడేది భిలాయి హిందీ. ఆయా ఛత్తీస్‌గఢీలో పలకరిస్తుంది. ఆడశిశువు ఆమెకు 'నోనీ'. 'పీలియా' అన్న మాట చెవిని పడినంత మాత్రాన అది పచ్చకామెర్లని ఈ తల్లికి ఎట్లా తెలుస్తుంది? 'నాల్' అంటే బొడ్డుతాడని, 'డకార్ దిలాఓ' అంటే బిడ్డను భుజాన వేసుకొని త్రేన్పు రప్పించమని ఎవరో ఒకరు చెప్పాలి. అయితే రెండు భాషల మధ్య అగాధమేమీ లేదు. న్యుమోనియా వచ్చిన శిశువు ఊపిరి తీసుకొనేటప్పుడు రొమ్ము క్రింది భాగం లోపలికి పోవడాన్ని హిందీ పల్లెలలో 'పసలీ చలనా' అంటారు, అంటే ప్రక్కటెముకలు కదలడం. తెలుగు పల్లెలలో 'డొక్కలు ఎగరవేయడం' అంటారు. ఇద్దరు తల్లులూ ఒకే గుర్తును చూశారు, ఒకే విధంగా పేరు పెట్టారు. 'దూధ్ ఉతర్ ఆయా' అని హిందీ తల్లి సంతోషిస్తే, 'పాలు పడ్డాయి' అని తెలుగు తల్లి సంతోషిస్తుంది. పాలు పైనుండి దిగివచ్చినట్లే ఇద్దరికీ తోచింది. వార్డులో అనువాదకుల పదవి అంటూ ఏదీ లేదు. ప్రక్కమంచం బంధువు గాని, ఇరవై ఏళ్ళుగా భిలాయిలో ఉన్న ఎదురింటి తెలుగు పిన్నిగారు గాని ఆ పని చేస్తారు. వారు తప్పుగా చెప్పితే మందు మోతాదు తప్పుతుంది. కనుక ఆసుపత్రి విడిచే ముందు చెప్పిన సూచనలను తల్లిచేత తిరిగి చెప్పించుకొనడం మంచి నర్సుల పద్ధతి.

ఇంతవరకు చెప్పినది ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ సంగతి. ముప్పైయేడు వారాలు నిండకుండా గాని, తక్కువ బరువుతో గాని పుట్టి, పాలు చప్పరించలేని, ఊపిరి నిలుపుకొనలేని శిశువు కథ మరొక విధంగా ఉంటుంది. అట్టివారిని ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ విభాగంలో చేరుస్తారు. జిల్లా స్థాయిలో ఇట్టి విభాగం మనదేశంలో మొట్టమొదట 2003లో పశ్చిమబెంగాల్‌లోని పురూలియాలో ఏర్పడింది. అనంతరం జిల్లా ఆసుపత్రులకు, వైద్య కళాశాలలకు విస్తరించింది. లోపల పైనుండి వేడినిచ్చే వార్మర్లు, శ్వాసకు తోడ్పడే గొట్టాలు, ముక్కు ద్వారా పొట్టలోకి పాలు పోసే సన్నని నాళం, అదేపనిగా మ్రోగే యంత్రాలు ఉంటాయి. యంత్రం మ్రోగిన ప్రతిసారి బిడ్డకు ఏదో అయిందని తల్లిదండ్రులు అదిరిపడతారు. పాదానికి కట్టిన తీగ జారినా ఆ గంట మ్రోగుతుందని ఒక రోజు గడిచిన తరువాత గాని తెలియదు. తల్లి ఒక అంతస్తులో, బిడ్డ మరొక అంతస్తులో. తండ్రి మందుల కాగితంతో రెంటి మధ్య మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. 'మీరు బయట ఉండండి' అన్న మాటనే వారు ఎక్కువసార్లు వింటారు.

ఈ విధంగా తల్లిదండ్రులను బయట నిలబెట్టడం చాలాకాలం శాస్త్రీయమైన పద్ధతిగానే పరిగణింపబడింది. సందర్శకుల వల్ల అంటువ్యాధులు సోకుతాయన్న భయం అందుకు కారణం. ఆ భయం నిరాధారం కాదు. కాని తల్లి సందర్శకురాలు కాదన్న సంగతిని వైద్యలోకం ఆలస్యంగా గ్రహించింది. 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా రాజధాని బొగొటాలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక ఒకే దానిలో ఇద్దరు ముగ్గురు శిశువులను ఉంచవలసి వస్తుండెను. ఎడ్గార్ రేయ్ సనాబ్రియా అనే వైద్యుడు, ఆయన సహచరుడు హెక్టర్ మార్టినెజ్ ఆ శిశువులను తల్లుల రొమ్ములమీదనే కట్టి ఉంచే పద్ధతిని ప్రవేశపెట్టారు. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్లున్నందున దానికి కంగారూ మాతృ సంరక్షణ అని పేరు వచ్చింది. పేదరికంలో తోచిన ఉపాయంగా మొదలైన ఆ పద్ధతి, క్రమంగా ధనిక దేశాల ఆసుపత్రులలోకి కూడా వెళ్ళింది.

అయినా ఒక సందేహం మిగిలింది. బిడ్డ నిలదొక్కుకొన్న తరువాత తల్లికి ఇవ్వాలా, లేక మొదటి నుండే ఇవ్వవచ్చునా? దీనిని తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాలతోపాటు మన న్యూఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో పరిశోధన జరిగింది. ఒక కిలో మొదలు 1.8 కిలోల లోపు బరువుగల 3,211 మంది శిశువులు ఇందులో ఉన్నారు. 2021లో ప్రకటితమైన ఫలితాల ప్రకారం, పుట్టిన వెంటనే తల్లి రొమ్మున చేర్చిన శిశువులలో ఇరవై ఎనిమిది రోజులలోపు మరణించినవారు 12 శాతం. నిలదొక్కుకొనే వరకు వేచి ఉంచిన వర్గంలో 15.7 శాతం. అంటే వంద శిశువులలో దాదాపు నలుగురి ప్రాణాలు. ఈ తేడా మేలిమి యంత్రం వల్ల వచ్చినది కాదు. తల్లి మంచాన్ని శిశువుల గదిలోకి చేర్చడం వల్ల వచ్చినది. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని వెంటనే ఆరంభించి, రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా, వీలైనంత ఎక్కువసేపు కొనసాగించాలని సిఫారసు చేసింది.

మనదేశంలో ఢిల్లీలోని రామ్‌మనోహర్ లోహియా ఆసుపత్రి అంతకు ముందే తల్లిదండ్రులను శిశువుల విభాగంలోకి అనుమతించి, శిక్షణ ఇచ్చి, సంరక్షణలో పాల్గొనజేసింది. ఆ అనుభవం ఆధారంగా కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2017లో 'కుటుంబ భాగస్వామ్య సంరక్షణ' మార్గదర్శకాలను వెలువరించింది. ఇందులో తల్లిదండ్రులు నేర్చుకొనే పనులు గొప్ప విద్యలేమీ కావు: చేతులు మోచేతుల వరకు సబ్బుతో కడుగుకొనడం, ఉంగరాలు, గాజులు తీసివేయడం, శుభ్రమైన గౌను ధరించడం, బిడ్డ గుడ్డలు మార్చడం, పాలు పిండి ఇవ్వడం, రంగులో, ఊపిరిలో మార్పు వస్తే వెంటనే నర్సును పిలవడం. నిజానికి నలుగురైదుగురు శిశువులను ఒకేసారి చూసుకోవలసిన నర్సు కంటె, ఒకే బిడ్డను రెప్పవాల్చక చూసే తల్లి కొన్ని గుర్తులను ముందుగా కనిపెడుతుంది. అయితే అన్ని ఆసుపత్రులలోను ఈ పద్ధతి ఒకే విధంగా అమలు జరుగుతున్నదని చెప్పజాలము. గదులు ఇరుకైనచోట, తల్లికి మంచం లేనిచోట తలుపు ఇప్పటికీ మూసే ఉంటుంది.

పాలు పిండడం గురించి ఒక మాట. నాళం ద్వారా త్రాగే బిడ్డ తల్లి, రొమ్ము పట్టించే అవకాశం లేదని ఊరకున్నచో పాలు ఎండిపోతాయి. రోజుకు ఎనిమిదిసార్లు, రాత్రివేళ కూడా మానకుండా పిండాలి. బిడ్డ కొంత కోలుకొన్నాక ఆ పాలను ముక్కువంటి కొన ఉన్న చిన్న గిన్నెతో పడతారు. ఆసుపత్రులలో దానిని తమిళపదమైన 'పాలాడై' అనే పేరుతోనే వ్యవహరిస్తారు. భిలాయి నర్సు దానిని చేతికిచ్చినప్పుడు తెలుగు అమ్మమ్మకు మాత్రం ఎవరూ వివరించనక్కరలేదు. అది ఆమె ఇంటి ఉగ్గుగిన్నెయే. సీసా, రబ్బరుపీక కంటె అది శుభ్రపరచడానికి సులువు. బిడ్డ రొమ్ము పట్టడం మరచిపోడు. అన్ని పాత వస్తువులూ మంచివి కావు గాని, ఇది మాత్రం ఆధునిక వైద్యం అంగీకరించిన పాత వస్తువు.

తండ్రి పాత్ర గురించి మన సంప్రదాయం తక్కువగా చెప్పింది. పురిటిగది పురుషులకు నిషిద్ధం. కొన్ని కుటుంబాలలో పదకొండవ రోజు పురిటి స్నానం అయ్యేవరకు తండ్రి బిడ్డ ముఖం చూడడు. వలస వచ్చిన ఊరిలో ఈ నియమం దానంతట అదే సడలింది. ఇక్కడ ఆ తండ్రి తప్ప మరొకరు లేరు. కంగారూ సంరక్షణలో తల్లి అలసినప్పుడు, లేదా శస్త్రచికిత్స వల్ల లేవలేనప్పుడు, తండ్రి కూడా బిడ్డను రొమ్మున పెట్టుకొనవచ్చును. ఫౌండ్రీలో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికుడు ముందు స్నానం చేసి, ఒంటిమీది లోహపుధూళిని పోగొట్టుకొని, ఉతికిన బట్టలు ధరించాలి. టోపీ, మేజోళ్ళు, లంగోటీ మాత్రమే ఉన్న బిడ్డను నిటారుగా రొమ్ముకు ఆనించి, తల ఒక ప్రక్కకు త్రిప్పి, కాళ్ళు కప్పవలె మడిచి, గుడ్డతో కడతారు. కిలోన్నర బరువు. ఉక్కు దిమ్మెలెత్తే చేతులు ఆ బరువును పట్టుకొనడానికి వణుకుతాయి. పది నిమిషాలకు బిడ్డ శ్వాస, తండ్రి శ్వాస రెండూ నెమ్మదిస్తాయి.

దురదృష్టవశాత్తు ఆ తండ్రికి కాలవ్యవధి లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, ఉద్యోగినులకు వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుండి 26 వారాలకు పెంచారు. కేంద్రప్రభుత్వ పురుష ఉద్యోగులకు ఇద్దరు బిడ్డల వరకు పదిహేను రోజుల పితృత్వ సెలవు ఉన్నది. చిన్న ప్రైవేటు కర్మాగారంలో పనిచేసే తండ్రికి మాత్రం చట్టరీత్యా అట్టి సెలవు లేదు. ఉద్యోగ రాజ్య బీమా వర్తించే కార్మికుని భార్యకు, బిడ్డకు వైద్యం లభిస్తుంది గాని, వారి ప్రక్కన కూర్చొనే రోజుకు కూలి లభించదు. బిడ్డ ప్రత్యేక విభాగంలో మూడు వారాలు ఉంటే మూడు వారాల జీతం పోతుంది. అందుచేత అతడు షిఫ్టు మార్పించుకొని, పగలు ఆసుపత్రిలోను రాత్రి కొలిమివద్దను నిలబడతాడు. నిద్రలేని మనిషి యంత్రాల మధ్య పనిచేయడంలోని ప్రమాదాన్ని వేరుగా వర్ణించనక్కరలేదు. బిడ్డ ప్రాణం, ఇంటి బియ్యం రెండూ అతని ఒక్కడి మేలుకువమీద ఆధారపడి ఉంటాయి.

తల్లి మనఃస్థితి మరింత సున్నితమైనది. కాన్పు అయిన మూడు నాలుగు రోజులకు కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు, నిద్రపట్టకపోవడం చాలామందిలో కనిపిస్తుంది. రెండు వారాలలో తగ్గుతుంది. తగ్గక, బిడ్డమీద ఆసక్తి పోయి, తాను పనికిరానిదానినన్న భావన పాతుకొంటే అది ప్రసవానంతర కుంగుబాటు అనే వ్యాధి. దీనిని గుర్తించడానికి 1987లో ఎడిన్‌బరోలో రూపొందించిన పది ప్రశ్నల పట్టిక అనేక భాషలలోకి అనువదింపబడి వాడుకలో ఉన్నది. 'దిష్టి తగిలింది', 'బాలింత గాలి సోకింది' అని దానిని త్రోసిపుచ్చడం వల్ల విలువైన రోజులు వృథా అవుతాయి. బిడ్డ యంత్రాల మధ్య ఉన్న తల్లి, తన గర్భమే బిడ్డను మోయలేకపోయిందని తన్ను తానే నిందించుకొంటుంది. ఆమె చేతికి బిడ్డ పని ఒకటి ఇవ్వడం, కనీసం గుడ్డ మార్చమనడం, ఎన్నో ఓదార్పు మాటలకంటె ఎక్కువగా పనిచేస్తుంది.

వార్డులో భోజనవేళ చూడముచ్చటగా ఉంటుంది. ఛత్తీస్‌గఢీ కుటుంబాలు మూలికలు వేసి కాచిన 'కాంకే పానీ', శొంఠి లడ్డూలు బాలింతకు తెస్తాయి. తెలుగువారు కాయం, వెల్లుల్లి కారం, వాము వేసిన అన్నం తెస్తారు. ఎవరి పథ్యం గొప్పదన్న వాదన ముదిరి, చివరకు లడ్డూలు అటు, కారప్పొడి ఇటు చేతులు మారుతాయి. వైద్యులకు ఈ దినుసులతో పేచీ లేదు. బాలింతకు నీరు తక్కువ ఇవ్వాలని, పప్పు, ఆకుకూర, పండు పెట్టరాదని చెప్పే పథ్యంతోనే వారి పేచీ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 600 కిలోకేలరీల అదనపు ఆహారం కావాలి. ఉపవాసపు పథ్యం దానికి సరిగ్గా వ్యతిరేక దిశలో నడుస్తుంది.

ఈ సందర్భంలో భిలాయికి ముడిఇనుము సరఫరా చేసే దల్లీ-రాజ్‌హరా గనుల ఉదాహరణ చెప్పుకోదగినది. అక్కడి గనికార్మికుల సంఘానికి చెందిన ఒక మహిళా నాయకురాలు ప్రసవ సమయంలో తగిన వైద్యం అందక మరణించింది. ఆ దుఃఖం నుండి కార్మికులలో తమదైన ఆసుపత్రి ఉండాలన్న సంకల్పం పుట్టింది. శంకర్ గుహా నియోగీ నాయకత్వంలో, కార్మికుల చందాలతో, శ్రమదానంతో నిర్మించిన షహీద్ ఆసుపత్రి 1983 జూన్ 3న ప్రారంభమైంది. పురుడు ఒక కుటుంబపు సొంత వ్యవహారం మాత్రమే కాదని ఆ కార్మికులు ఆనాడే తేల్చారు.

ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాత ఛత్తీస్‌గఢ్‌లో తల్లికి తోడుగా వచ్చే మనిషి 'మితానిన్'. మితాన్ అంటే ఈ ప్రాంతంలో కులభేదం పాటించక ప్రమాణపూర్వకంగా కుదుర్చుకొనే స్నేహబంధం. ఆ పేరుతో 2002లో ఆరంభమైన స్త్రీ ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థ, తరువాత 2005లో దేశమంతటా వచ్చిన 'ఆశా' కార్యకర్తల పథకానికి ముందునడక అయింది. పట్టణాల బస్తీలకు కూడా విస్తరించింది. ఇటు తెలంగాణకు, అటు ఛత్తీస్‌గఢ్‌కు సరిహద్దైన మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డా. అభయ్ బంగ్, డా. రాణీ బంగ్ దంపతులు పల్లెస్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఇంటింటా నవజాత శిశు సంరక్షణ జరిపించి, మరణాలను సగానికి పైగా తగ్గించవచ్చునని 1999లో లోకానికి చూపారు. నేటి పద్ధతి దాని ఫలమే. ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో వస్తుంది. బిడ్డను తూచి, ఒంటివేడి చూసి, ఊపిరి లెక్కపెడుతుంది. పాలు మానివేయడం, ఒళ్ళు చల్లబడటం లేదా కాలిపోవడం, నిమిషానికి అరవై లేక అంతకు మించి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరవేయడం, మూర్ఛ, కదలిక తగ్గడం — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. ఛత్తీస్‌గఢీ ఇంట ఆరవ రోజున 'ఛట్ఠీ' వేడుక, తెలుగు ఇంట ఇరవై ఒకటవ రోజున బారసాల. వచ్చిన చుట్టాలందరూ బిడ్డను ఎత్తుకొనక ముందు చేతులు కడుగుకొనేట్లు చూడటం తండ్రికి మిగిలిన పని.

నెలలు నిండకుండా పుట్టి ఇంటికి చేరిన బిడ్డ విషయంలో మరొక తేదీ ఉన్నది. తల్లిదండ్రులు తరచుగా మరచిపోయేది దానినే. రెండు కిలోల లోపు బరువుతో గాని, ముప్పైనాలుగు వారాల లోపు గాని పుట్టిన శిశువుకు కంటి వెనుకపొరలో రక్తనాళాలు అస్తవ్యస్తంగా పెరిగే ప్రమాదం ఉన్నది. బయటికి ఏమీ కనిపించదు. బిడ్డ బొద్దుగా, చలాకీగానే ఉంటుంది. పుట్టిన ముప్పై రోజుల లోపల కంటివైద్యుడు ప్రత్యేక పరికరంతో చూడాలి. మరీ చిన్నగా పుట్టిన శిశువులకు రెండు మూడు వారాలకే చూడాలి. అవసరమైనచో సకాలంలో లేజరు చికిత్స చేస్తే చూపు దక్కుతుంది. కొన్ని వారాలు ఆలస్యమైతే దక్కకపోవచ్చును. డిశ్చార్జి కాగితం అడుగున ఒక పంక్తిలో ఈ తేదీ ఉంటుంది. తెలుగు తల్లిదండ్రులు ఆ పంక్తిని ఎవరిచేతనైనా చదివించుకొని, ఇంటి క్యాలెండరులో ఆ రోజు చుట్టూ గీత గీయాలి. తండ్రి ఆ రోజుకు షిఫ్టు మార్పును ముందుగానే అడిగి ఉంచుకోవాలి.